హూనెట్: ఆసుపత్రిలో సోకే మొండి బ్యాక్టీరియా లెక్కను మన రిజిస్టర్లలోంచే తీసిచ్చే సాఫ్ట్‌వేర్

ఆంధ్రప్రదేశ్‌లోనైనా తెలంగాణలోనైనా, ఏ వైద్య కళాశాల మైక్రోబయాలజీ విభాగానికి వెళ్లినా బీరువాల్లో కల్చర్ రిజిస్టర్లు ఏళ్ల తరబడి పేరుకుని కనిపిస్తాయి. రక్తం, మూత్రం, చీము, వెంటిలేటర్ మీద ఉన్న రోగి ట్రాకియల్ ఆస్పిరేట్ (శ్వాసనాళంలోంచి లాగిన స్రావం), ఏ నమూనా వచ్చినా అందులో ఏ బ్యాక్టీరియా పెరిగింది, అది ఏ మందుకు లొంగింది, ఏ మందుకు లొంగలేదు అన్నది వాటిలో తేదీలవారీగా రాసి ఉంటుంది. అయినా ఐసీయూ వైద్యులు వచ్చి “మా వార్డులో క్లెబ్సియెల్లా మీద మెరోపెనెమ్ ఇంకా ఎంతవరకు పనిచేస్తోంది?” అని అడిగితే, అప్పటికప్పుడు అంకెతో జవాబు చెప్పగల విభాగాలు తక్కువ. రిజిస్టర్లలో ఉన్న సమాచారాన్ని అడిగిన ప్రశ్నకు తగినట్టు వేరుచేసి చూసే సాధనం లేకపోవడమే అందుకు కారణం. ఆ పనికి నేను వాడుతున్న సాఫ్ట్‌వేర్ హూనెట్. ఆసుపత్రిలో సోకే, మందులకు లొంగని ఇన్ఫెక్షన్ల మీద థీసిస్ చేయబోయే పీజీలను, ల్యాబ్ టెక్నీషియన్లను, ఇన్ఫెక్షన్ కంట్రోల్ బాధ్యత చూసే సిస్టర్లను దృష్టిలో పెట్టుకుని దాని గురించి ఈ సమీక్ష రాస్తున్నాను.

హూనెట్‌ను అమెరికాలోని బోస్టన్‌లో ఉన్న బ్రిగమ్ అండ్ విమెన్స్ హాస్పిటల్ బృందం 1989 నుంచి నిర్వహిస్తోంది. ఆ బృందం యాంటీబయాటిక్ నిరోధకత నిఘా విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు సహకార కేంద్రం కూడా. డాక్టర్ థామస్ ఓబ్రయన్, డాక్టర్ జాన్ స్టెల్లింగ్ దీనికి రూపకర్తలు. ఇప్పుడు 130కి పైగా దేశాల్లో ల్యాబ్‌లు దీన్ని వాడుతున్నాయి. కొనుగోలు ధర, లైసెన్సు రుసుము, ఏటా కట్టే చందా ఏవీ లేవు. మన దేశంలో జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం నడిపే నిఘా వ్యవస్థలోని ల్యాబ్‌లు కూడా ఇందులోనే సమాచారం నమోదు చేసి పంపుతాయి. అక్కడి నుంచి ఆ సమాచారం, 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదలుపెట్టిన గ్లాస్ అనే ప్రపంచ నిఘా వ్యవస్థకు చేరుతుంది. మామూలు విండోస్ కంప్యూటర్‌లో, ఇంటర్నెట్ లేకుండా నడుస్తుంది కనుక, జిల్లా ఆసుపత్రి ల్యాబ్‌లో మూలన ఉన్న పాత కంప్యూటర్ కూడా దీనికి సరిపోతుంది.

వాడకం మొదలుపెట్టేముందు ల్యాబ్ కాన్ఫిగరేషన్ అనే మెట్టు ఒకటి ఉంటుంది. మన ల్యాబ్‌లో ఏ యాంటీబయాటిక్‌లను ఏ పద్ధతిలో పరీక్షిస్తున్నామో, మన ఆసుపత్రిలో ఏ వార్డులున్నాయో, రోగి గురించి ఏ వివరాలు నమోదు చేస్తామో అక్కడ ఒకసారి చెప్పాలి. చాలామంది ఈ మెట్టును తొందరగా దాటేస్తారు. తర్వాత వచ్చే విశ్లేషణ అంతా దీనిమీదే ఆధారపడుతుంది కాబట్టి ఇక్కడ ఓపిక పట్టడం అవసరం. ముఖ్యంగా వార్డుల జాబితా విషయంలో జాగ్రత్త కావాలి. ‘మెడికల్ ఐసీయూ’ అని ఒకరు, ‘ఎంఐసీయూ’ అని ఇంకొకరు, ‘ఏఎంసీ’ అని మరొకరు నమోదు చేస్తే సాఫ్ట్‌వేర్ వాటిని మూడు వేర్వేరు వార్డులుగానే లెక్కిస్తుంది. ప్రతి వార్డుకూ ఒకే కోడ్ పెట్టి, అది ఐసీయూనా, సాధారణ వార్డా, ఓపీనా అని కూడా అక్కడే గుర్తించాలి. బ్యాక్టీరియాకు మూడక్షరాల కోడ్‌లు ముందే సిద్ధంగా ఉంటాయి. ఇ. కోలైకి ఈ-సీ-ఓ, క్లెబ్సియెల్లా న్యుమోనియేకి కే-పీ-ఎన్, స్టాఫిలోకాకస్ ఆరియస్‌కి ఎస్-ఏ-యూ. కొద్ది రోజుల్లోనే టెక్నీషియన్ల చేతికి ఇవి అలవాటైపోతాయి.

హూనెట్‌లో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచిన అంశం, మందు ఉన్న డిస్క్ చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయం (జోన్) కొలతను మిల్లీమీటర్లలోనే నమోదు చేయించడం. మన రిజిస్టర్లలో సాధారణంగా కొలత ఉండదు. బ్యాక్టీరియా మందుకు లొంగితే (సెన్సిటివ్) ‘ఎస్’, లొంగకపోతే (రెసిస్టెంట్) ‘ఆర్’ అని మాత్రమే ఉంటుంది. ఆ రోజుకు రోగికి వైద్యం చేయడానికి ఆ అక్షరం చాలు. ఏళ్ల తరబడి వచ్చిన మార్పును అధ్యయనం చేయాలంటే మాత్రం చాలదు, ఎందుకంటే ఆ అక్షరాన్ని నిర్ణయించే ప్రమాణాలే మారుతూ ఉంటాయి. అమెరికాలోని సీఎల్ఎస్ఐ సంస్థ ప్రమాణాల ప్రకారం 2010కి ముందు క్లెబ్సియెల్లాపై మెరోపెనెమ్ జోన్ 16 మిల్లీమీటర్లు ఉంటే చాలు, సెన్సిటివ్ అనేవాళ్లు. 2010లో ఆ హద్దును 23కి పెంచి, 19 లేదా అంతకంటే తక్కువ ఉంటే రెసిస్టెంట్ అన్నారు. అంటే 18 మిల్లీమీటర్ల జోన్ వచ్చిన బ్యాక్టీరియా పాత రిజిస్టర్‌లో ‘ఎస్’, కొత్త రిజిస్టర్‌లో ‘ఆర్’. సిప్రోఫ్లాక్సాసిన్ విషయంలోనూ 2019లో ఇదే జరిగింది. అంతవరకు సెన్సిటివ్ అనిపించుకున్న 21 మిల్లీమీటర్ల జోన్ అప్పటి నుంచి రెసిస్టెంట్ కిందికి వచ్చింది. అక్షరాలను మాత్రమే దాచుకున్న ల్యాబ్ పదేళ్ల గ్రాఫ్ గీస్తే, ఆ ఏడాది నిరోధకత ఒక్కసారిగా ఎగబాకినట్టు కనిపిస్తుంది. అందులో బ్యాక్టీరియా వాటా ఎంత, కాగితం మీద మారిన ప్రమాణం వాటా ఎంత అన్నది ఇక ఎవరూ తేల్చలేరు. హూనెట్ మిల్లీమీటర్లను దాచుకుని విశ్లేషణ చేసేటప్పుడు ప్రమాణాన్ని వర్తింపజేస్తుంది కాబట్టి, పాత కొలతలన్నిటినీ ఈనాటి హద్దులతో మళ్లీ చదవవచ్చు. సీఎల్ఎస్ఐ బదులు యూరప్‌లో వాడే యూకాస్ట్ ప్రమాణాలను కూడా ఎంచుకోవచ్చు. నిరోధకత పెరుగుదల మీద థీసిస్ రాసే పీజీలు ఈ ఒక్క కారణం చేతనైనా మొదటి రోజు నుంచే జోన్ కొలతలను రాయించాలని గట్టిగా కోరుతున్నాను.

కొలతలు చేరిన తర్వాత వాటి నాణ్యతను పరీక్షించే మార్గం కూడా ఇందులోనే ఉంది. ఒక మందుకు వచ్చిన జోన్‌లన్నిటినీ హిస్టోగ్రామ్‌గా గీయించి చూస్తే, సవ్యంగా కొలిచిన ల్యాబ్‌లో ఆ గీత సాఫీగా లేచి సాఫీగా దిగుతుంది. 15, 20, 25 దగ్గర మాత్రమే గుట్టలు లేచి, 17, 19, 22 దగ్గర ఖాళీలు కనిపిస్తే, స్కేలు సరిగా చూడకుండా కొలతను దగ్గరి గుండ్రటి అంకెకు సవరించి రాశారని అర్థం. హద్దు దాటిన మొదటి అంకె దగ్గర అసహజంగా గుట్ట కనిపిస్తే, ముందు ‘ఎస్’ అనుకుని తర్వాత కొలత రాశారేమోనని అనుమానించాలి. బ్యాక్టీరియాను పెంచే ముల్లర్ హింటన్ అగర్ నాలుగు మిల్లీమీటర్ల మందం లేకపోయినా, బ్యాక్టీరియా ద్రావణాన్ని 0.5 మెక్‌ఫార్లండ్ అనే మసకదన ప్రమాణానికి సరిచూడకపోయినా జోన్‌లు మొత్తంగా ఒక పక్కకు జరుగుతాయి. ఆ జరుగుదలను ఎంత జోన్ రావాలో ముందే తెలిసిన ఏటీసీసీ నియంత్రణ స్ట్రెయిన్‌ల (ఉపరకాల) ఫలితాల్లో పట్టుకోవచ్చు. ఇన్ని విషయాలను ఒక్క బొమ్మలో చూపించే ఈ సదుపాయాన్ని విభాగాధిపతులు నెలకొకసారైనా తెరిచి చూడాలి.

నమోదు చేస్తున్నప్పుడే హెచ్చరించే ఏర్పాటు కూడా మెచ్చుకోదగినది. క్లెబ్సియెల్లా సహజంగానే ఆంపిసిలిన్‌కు లొంగదు. పొరపాటున దాన్ని సెన్సిటివ్ అని నమోదు చేస్తే సాఫ్ట్‌వేర్ సరిచూడమంటుంది. స్టాఫిలోకాకస్ ఆరియస్ వాంకోమైసిన్‌కు లొంగలేదని నమోదు చేస్తే, ఇది అరుదైన, ముఖ్యమైన ఫలితం, నిర్ధారించుకోమంటుంది. అనుభవజ్ఞులైన మైక్రోబయాలజిస్టులు లేని ల్యాబ్‌లకు ఇది నిజంగా పెద్ద అండ.

ఇక ఆసుపత్రిలో సోకిన ఇన్ఫెక్షన్ల విషయానికి వస్తే, ముందుగా చేయవలసిన పని రోగి చేరిన తేదీ అనే గడిని కాన్ఫిగరేషన్‌లో చేర్చుకోవడం. చేరిన 48 గంటల తర్వాత తీసిన నమూనాలో పెరిగిన బ్యాక్టీరియాను ఆసుపత్రిలో సంక్రమించినదిగా, అంతకు ముందు తీసిన నమూనాలోదాన్ని బయటి నుంచి వెంట వచ్చినదిగా స్థూలంగా విభజిస్తారు. చేరిన తేదీ, నమూనా తీసిన తేదీ రెండూ ఉంటేనే ఈ విభజన సాధ్యం. మన ఆసుపత్రుల్లో కల్చర్ రిక్విజిషన్ ఫారం మీద రెండో తేదీ ఎలాగోలా ఉంటుంది కానీ మొదటిది తరచుగా ఖాళీగానే వస్తుంది. వేరే ఆసుపత్రిలో వారం రోజులు వెంటిలేటర్ మీద ఉండి, పరిస్థితి విషమించాక పెద్దాసుపత్రికి తెచ్చిన రోగి విషయంలో మన తేదీ ఒక్కటే చూస్తే ఇన్ఫెక్షన్ ఊళ్లో సోకినట్టు కనిపిస్తుంది. అటువంటి రోగులు మన బోధనాసుపత్రులకు నిత్యం వస్తారు కాబట్టి ‘మరో ఆసుపత్రి నుంచి పంపినవారు’ అనే గడిని అదనంగా పెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం. హూనెట్ అలాంటి సొంత గడులను చేర్చుకోనిస్తుంది.

యాంటీబయోగ్రామ్ (ఏ బ్యాక్టీరియా ఏ మందుకు ఎంత శాతం లొంగుతోందో చూపే పట్టిక) తయారీలో ఎక్కువమంది తడబడేది ఒకే రోగి నుంచి పదేపదే వచ్చిన కల్చర్ల దగ్గర. ఐసీయూలో నెల రోజులున్న ఒక రోగి ట్రాకియల్ ఆస్పిరేట్‌లో ఏ మందుకూ లొంగని ఎసినెటోబ్యాక్టర్ ఆరుసార్లు పెరిగిందనుకుందాం. దాన్ని ఆరుగా లెక్కిస్తే వార్డు మొత్తం నిరోధకత శాతం ఆ ఒక్క మనిషి వల్లే పెరిగిపోతుంది. అందుకే సీఎల్ఎస్ఐ ఎం39 మార్గదర్శకం, ఒక్కో రోగి నుంచి ఒక్కో జాతి బ్యాక్టీరియా తొలి ఫలితాన్ని మాత్రమే తీసుకోమని, 30 కంటే తక్కువ ఫలితాలున్న జాతికి శాతం ప్రకటించవద్దని, రోగం లేకపోయినా స్క్రీనింగ్ కోసం తీసిన నమూనాలను కలపవద్దని చెబుతుంది. హూనెట్‌లో ఒక మీట నొక్కితే తొలి ఫలితాలు మాత్రమే మిగులుతాయి. శాతం పక్కనే 95 శాతం విశ్వాస అంతరం (అసలు శాతం ఉండగల హద్దులు) కూడా ఇస్తుంది కాబట్టి, చిన్న సంఖ్యల మీద పెద్ద మాటలు చెప్పకుండా అది మనల్ని ఆపుతుంది.

తొలి ఫలితాన్ని ఎంచాలంటే రోగిని గుర్తుపట్టాలి. అందుకు సాఫ్ట్‌వేర్‌కున్న ఆధారం మనం ఇచ్చే నంబరు ఒక్కటే. చాలాచోట్ల రోగి చేరిన ప్రతిసారీ కొత్త ఐపీ నంబరు ఇస్తారు. పేరు చూసి కలుపుదామంటే, ఒకే వెంకటేశ్వర్లు పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో రాయడానికి ఒక్కో గుమాస్తాకు ఒక్కో పద్ధతి. ఆసుపత్రి మొత్తానికి మారని ఒకే నంబరు ఉంటే తప్ప ఈ చిక్కు తీరదు. థీసిస్ చేసేవారు కనీసం తమ అధ్యయన కాలానికైనా రోగులకు స్వయంగా సంఖ్యలు కేటాయించుకోవాలి.

పరిశోధన దృష్టితో చూస్తే, ఏ బ్యాక్టీరియా ఏయే మందులకు కలిపి లొంగలేదో ఆ వరుసను ఒక ముద్రగా చూపే రెసిస్టెన్స్ ప్రొఫైల్ విశ్లేషణ నన్ను ఎక్కువగా ఆకట్టుకుంది. నవజాత శిశువుల ఐసీయూలో తక్కువ వ్యవధిలో నాలుగైదు క్లెబ్సియెల్లా రక్త కల్చర్లు ఒకే ప్రొఫైల్‌తో వస్తే, అవి ఒకే మూలం నుంచి వచ్చి ఉండవచ్చునని అనుమానించి, సింకులు, సక్షన్ గొట్టాలు, ఐవీ ద్రవాలు, చేతుల శుభ్రత అన్నిటినీ వెంటనే తనిఖీ చేయవచ్చు. ఎసినెటోబ్యాక్టర్ పొడి ఉపరితలాల మీద వారాల తరబడి బతకగలదు కాబట్టి, మంచం కడ్డీలు, మానిటర్ మీటలు కూడా అనుమానితులే. ఇలాంటి గుంపులను కళ్లతో వెతికే అవసరం లేకుండా, శాట్‌స్కాన్ అనే గణాంక పద్ధతిని కూడా హూనెట్‌లో కలిపారు. ఆ వార్డులో గతంలో మామూలుగా వచ్చే సంఖ్యతో పోల్చి, ఈ గుంపు యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం ఎంత అన్నది అది లెక్కగడుతుంది. దీనికి కనీసం ఒక ఏడాది పాత సమాచారం ఉంటే ఫలితాలు నమ్మదగినట్టు ఉంటాయి. అయితే ఒకే ప్రొఫైల్ ఉన్నంత మాత్రాన ఒకే స్ట్రెయిన్ అని రుజువైనట్టు కాదు. మన ఐసీయూల్లో వేర్వేరు స్ట్రెయిన్‌లు కూడా దాదాపు అన్ని మందులకూ ఒకేలా ఎదురు నిలుస్తున్నాయి. తుది నిర్ధారణకు జన్యుక్రమ పరిశీలన కావాలి. మెరోపెనెమ్ వంటి మందులను నిర్వీర్యం చేసే ఎన్‌డీఎం వంటి ఎంజైమ్‌ల జన్యువులు ప్లాస్మిడ్‌లు అనే చిన్న డీఎన్ఏ వలయాల మీద ఒక జాతి నుంచి మరో జాతికి దూకుతాయి కనుక, ఇ. కోలైనీ క్లెబ్సియెల్లానూ విడివిడిగా చూసే ఏ ప్రొఫైల్ విశ్లేషణా ఆ వ్యాప్తిని పూర్తిగా పట్టుకోలేదు.

ఎండీఆర్ (పలు మందులకు లొంగనిది), ఎక్స్‌డీఆర్ (దాదాపు అన్ని మందులకూ లొంగనిది), పీడీఆర్ (ఏ మందుకూ లొంగనిది) అనే వర్గీకరణనూ ఇది తనంత తానే చేస్తుంది. మూడు లేదా అంతకంటే ఎక్కువ తరగతుల మందుల్లో ఒక్కోదాంట్లో కనీసం ఒక మందుకు లొంగకపోతే ఎండీఆర్. మిగతా రెండింటికీ ముందు ‘బహుశా’ అని చేర్చి చూపించడం నాకు నచ్చింది, ఎందుకంటే పరీక్షించని మందు గురించి ఏదీ తేల్చి చెప్పలేం.

లోపాలు, పరిమితులు కూడా అంతే వివరంగా చెప్పాలి. మొదటిది హారం సంగతి. సెంట్రల్ లైన్ (పెద్ద సిరలో పెట్టే గొట్టం) వల్ల వచ్చిన రక్త ఇన్ఫెక్షన్లను వెయ్యి లైన్ దినాలకు ఎన్ని అని, వెంటిలేటర్ న్యుమోనియాను వెయ్యి వెంటిలేటర్ దినాలకు ఎన్ని అని లెక్కించాలి. ఆ దినాల లెక్క వార్డులో సిస్టర్లు రోజూ రాసే రిజిస్టర్‌లో ఉంటుంది, హూనెట్‌లో ఉండదు. ల్యాబ్ ఫలితాలు ఎంత చక్కగా అమర్చినా, అవి ఒక్కటే పెట్టుకుని ‘మా ఇన్ఫెక్షన్ రేటు ఇంత’ అని రాయడం సరికాదు. రెండోది, ట్రాకియల్ ఆస్పిరేట్‌లో పెరిగిన ఎసినెటోబ్యాక్టర్ రోగానికి కారణమా, లేక గొట్టంలో ఊరికే నివాసం ఏర్పరచుకున్నదా అన్నది ఏ సాఫ్ట్‌వేరూ చెప్పలేదు. ఎక్స్‌రే, జ్వరం, రోగి పరిస్థితి చూసిన వైద్యుడే చెప్పాలి. మూడోది, గ్రోత్ లేని నమూనాలను కూడా నమోదు చేయకపోతే ఎన్ని నమూనాలకు ఎన్ని పాజిటివ్ వచ్చాయో తెలియదు. వాటికి హూనెట్‌లో ప్రత్యేక కోడ్ ఉన్నప్పటికీ, పని ఒత్తిడిలో టెక్నీషియన్లు వదిలేసే మొదటి వరుసలు అవే.

ఇంకొక సూక్ష్మమైన లోపం మన పరీక్షా విధానం నుంచి పుడుతుంది. చాలా ల్యాబ్‌లు మొదటి వరుస మందులకు లొంగని బ్యాక్టీరియా మీదనే రెండో వరుస మందులను పరీక్షిస్తాయి. డిస్క్‌ల ఖర్చు దృష్ట్యా అది సబబే. అయితే ఆ రెండో వరుస మందుల శాతాలను హూనెట్ లెక్కగట్టినప్పుడు, మొండివాటినే పరీక్షించి తీసిన శాతం మొత్తం బ్యాక్టీరియాకు వర్తించినట్టు కనిపిస్తుంది. ప్రతి మందు పక్కనా ఎన్ని బ్యాక్టీరియాల మీద పరీక్షించారో సంఖ్య ఇస్తుంది కాబట్టి, వ్యాసాలు చదివేవారు ఆ గడిని తప్పక చూడాలి. కోలిస్టిన్ విషయం మరీ ముఖ్యం. అది పెద్ద అణువు, అగర్‌లో సరిగా వ్యాపించదు, అందుకే దానికి డిస్క్ జోన్ ప్రమాణమే లేదు. బ్రాత్ మైక్రోడైల్యూషన్ వంటి పద్ధతులతో వచ్చిన ఎంఐసీని (బ్యాక్టీరియా పెరుగుదలను ఆపే మందు కనీస గాఢతను) మాత్రమే నమోదు చేయాలి. పైగా 2020 నుంచి సీఎల్ఎస్ఐ కోలిస్టిన్‌కు సెన్సిటివ్ అనే వర్గాన్నే తీసేసింది. ఎంఐసీ 2 లేదా అంతకంటే తక్కువైతే ఇంటర్మీడియట్, 4 లేదా అంతకంటే ఎక్కువైతే రెసిస్టెంట్. కోలిస్టిన్ సెన్సిటివిటీ నూటికి ఇంత అని ఇప్పటికీ డిస్క్ ఫలితాలతో రాస్తున్న పట్టికలు చూసినప్పుడు బాధ కలుగుతుంది, ఎందుకంటే చివరి ఆశగా ఆ మందు ఎక్కించే రోగి ప్రాణం ఆ అంకె మీద ఉంటుంది.

తెరల రూపకల్పన పాతకాలానిది. మెనూలు లోతుగా, ఒకదానిలో ఒకటి ఉంటాయి. అవసరమైన విశ్లేషణను వెతుక్కోవడానికి మొదట్లో సమయం పడుతుంది. ఒకరు నేర్చుకుని పక్కవారికి చూపించడమే మన దగ్గర జరుగుతున్న శిక్షణ. ఆ ఒక్కరూ బదిలీ అయిపోతే పని ఆగిపోవడం కూడా సాధారణమే. అందుకని కనీసం ఇద్దరు టెక్నీషియన్లకు, ఒక సిస్టర్‌కు దీన్ని నేర్పించాలి.

ఆటోమేటిక్ యంత్రాలున్న ల్యాబ్‌లు ఫలితాలను మళ్లీ చేత్తో ఎక్కించనక్కరలేదు. హూనెట్‌తో పాటే వచ్చే బ్యాక్‌లింక్ అనే ఉపకరణం యంత్రం నుంచి గానీ, ఎక్సెల్ పట్టిక నుంచి గానీ సమాచారాన్ని మార్చి ఇస్తుంది. మొదటిసారి కోడ్‌లను జత కలపడం శ్రమే, తర్వాత సులువు. బయటికి ఫైల్ పంపేముందు రోగి పేరు, నంబరు వంటివి దాచిపెట్టే ఎన్‌క్రిప్షన్ సౌకర్యం కూడా ఉంది. థీసిస్ సమాచారాన్ని పెన్‌డ్రైవ్‌లో తిప్పే అలవాటున్న చోట దీన్ని తప్పనిసరి చేయాలి.

ఎక్సెల్‌తో పోలిస్తే దీని మేలు స్పష్టం. తొలి ఫలితాల ఎంపిక, ప్రమాణాల అన్వయం, విశ్వాస అంతరాలు, గుంపుల గుర్తింపు వీటన్నిటికీ ఎక్సెల్‌లో ఎవరికి వారు సూత్రాలు రాసుకోవాలి, వాటిలో దొర్లిన తప్పు ఎవరి కంటా పడదు. ఖరీదైన ల్యాబ్ సమాచార వ్యవస్థ ఉన్న కార్పొరేట్ ఆసుపత్రులు కూడా పరిశోధన కోసం సమాచారాన్ని బ్యాక్‌లింక్ ద్వారా ఇందులోకి తెచ్చుకుంటే మంచిది. రోగికి రిపోర్టు ముద్రించడం, బిల్లు వేయడం కోసం సాఫ్ట్‌వేర్ వెతుకుతున్నవారికి మాత్రం ఇది తగదు.

2019లో మందులకు లొంగని బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ల వల్ల నేరుగా ప్రపంచవ్యాప్తంగా సుమారు 12.7 లక్షల మంది మరణించారని 2022లో లాన్సెట్ ప్రచురించిన అధ్యయనం అంచనా వేసింది. అలాంటి అంచనాలకు ఆధారం ఇలాంటి ల్యాబ్‌ల నుంచి వెళ్లే వరుసలే. చిన్న ఊళ్ల ఆసుపత్రుల నుంచి వెళ్లేవి చాలా తక్కువ కాబట్టి ఆ లోటును పూడ్చడంలో హూనెట్‌కు సాటి రాగల ఉచిత సాధనం నాకు కనిపించలేదు. కొత్తగా మొదలుపెట్టేవారు ఆసుపత్రి మొత్తాన్ని ఒకేసారి ఎత్తుకోకుండా, ఒక ఐసీయూ రక్త కల్చర్లతో ఆరంభించాలి. మారని రోగి సంఖ్య, చేరిన తేదీ, నమూనా తేదీ, వార్డు, బ్యాక్టీరియా, మిల్లీమీటర్లలో జోన్‌లు, ఈ ఆరు గడులూ ఖాళీ లేకుండా నిండితే మొదటి ఏడాదికే ఆ ఐసీయూ వైద్యుల ప్రశ్నకు నమ్మదగిన జవాబు దొరుకుతుంది. సీఎల్ఎస్ఐ ప్రమాణాలు ఏటా మారుతాయి కనుక, ప్రతి సంవత్సరం విశ్లేషణకు ముందు హూనెట్ వెబ్‌సైట్ నుంచి కొత్త వెర్షన్ వేసుకోవడం మరవకూడదు.